జ్యోతి ఎత్తేదాకా

ఆగండి. ఎక్కడికీ పోకుండా నేను చెప్పేది కాస్త వినండి. యాడికి అనే ఊరి బస్టాండులో కూర్చున్నాను, తాడిపత్రి బస్సు ఇంకా రాలేదు, అది వచ్చేలోపు ఈ సంగతి ఎవరో ఒకరికి చెప్పకపోతే నా గుండె ఆగిపోయేలా ఉంది. బస్సు ఎక్కడం, ఎక్కకపోవడం తర్వాతి మాట. ముందు వినండి.

నా పేరు ఆశ్రిత. చదువంతా బెంగళూరులోనే. చివరి సెమిస్టరు ప్రాజెక్టు ఎక్కడ కూర్చుని చేసినా ఫర్వాలేదన్నారు కాబట్టి, ఉగాది దాటిన పది రోజులకు బ్యాగు సర్దుకుని మా పెద్దమ్మ ఊరికి వచ్చేశాను. పెద్దమ్మ అంటే అమ్మ వాళ్ల అక్క, రామలక్ష్మమ్మ. యాడికి పక్కన పల్లె. నాపరాళ్లు పరిచిన ఇల్లు, మధ్యాహ్నం అయ్యేసరికి ఆ రాళ్ల మీద అడుగు పెడితే కాళ్లు చుర్రుమంటాయి. ఇంట్లో పెద్దనాయన ఎర్రన్న, వాళ్ల కొడుకు హరినాథన్న, రేఖ వదిన, వాళ్ల కూతురు త్రివేణి ఉంటారు. త్రివేణికి పద్నాలుగేళ్లు నిండాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కథంతా ఆ పద్నాలుగేళ్లతోనే మొదలైంది.

నేను వచ్చిన వారంలోనే ఆ ఊరి నర్సు ఈశ్వరి స్కూటీ మీద వచ్చి అరుగు మీద కూర్చుంది. పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు కొత్త టీకా వచ్చింది, ఇంటింటికీ తిరిగి చెబుతోంది.

"హరీ, గురువారం పాపను ఆసుపత్రికి పంపించప్పా. ఒకటే సూది."

"దేనికక్కా?"

"గర్భసంచి మూతి కాడ క్యాన్సరు రాకుండా."

హరినాథన్న త్రివేణి లోపల ఉందో లేదో ఒకసారి చూసుకుని గొంతు తగ్గించాడు. "పిల్లకు ఇప్పుడే గర్భసంచి మాట ఏందక్కా? అయినా ఆ సూది వేసుకుంటే పిల్లలు పుట్టరంట. వాట్సాపులో వచ్చినాది."

"నీకు లాటరీలో కారు తగిలినాదని కూడా వాట్సాపులో వచ్చినాది గదా, ఏదప్పా కారు? యాడ పెట్టినావు?"

రేఖ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆగలేకపోయాను. అది ఒక వైరస్ వల్ల వస్తుందన్నా, అది ఒంట్లో చేరాక ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుందన్నా, అది చేరకముందే టీకా వేయాలన్నా, అందుకే చిన్న వయసులో వేస్తారన్నా అని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. అన్న అంతా విన్నాడు.

"బాగా చెప్పినావు. బెంగళూరుకు పోయి ఆడ చెప్పు, చప్పట్లు కొడతారు."

ఇంత జరుగుతున్నా పెద్దమ్మ మాట్లాడలేదు. విత్తనం శెనక్కాయలు ఒలుస్తూ, పుచ్చువి ఏరి పక్కకు వేస్తోంది. ఆ ఇంట్లో ఆమె నోరు తెరిస్తేనే ఏదైనా తేలేది. ఈశ్వరికీ ఆ సంగతి తెలుసు.

"నువ్వొక మాట చెప్పు రామలక్ష్మమ్మా. ఈ యాడు జాతరకు మొదటి జ్యోతి ఎత్తేదానివి. నీ మనవరాలు వేసుకున్నాదంటే వీధంతా వస్తారు."

ఆ జ్యోతి సంగతి మీకు చెప్పాలి. ఆ ఊళ్లో వైశాఖ పున్నమికి చౌడమ్మ జాతర. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంటలో నెయ్యి పోసి వత్తి వెలిగించి, తల మీద పెట్టుకుని ఆడవాళ్లంతా గుడికి పోతారు. ముందు నడిచేది పెద్దమ్మ వాళ్ల ఇంటి జ్యోతి. అది ఎత్తే మనిషికి ముట్లు పూర్తిగా నిలిచిపోయి ఉండాలి. చాలా ఏళ్లు పెద్దమ్మ అత్తగారు ఎత్తింది. ఆమె పోయాక ఇంటికి ఏడాది మైల వచ్చి, పోయిన జాతరకు ఆ వంతు ఊళ్లోనే ఉన్న చౌడప్ప ఇంటికి వెళ్లింది. ఈసారీ తప్పిపోతే ఇక ఎప్పటికీ వాళ్లదే. రేఖ వదినకు ఇంకా చిన్న వయసు. అంటే ఎత్తితే పెద్దమ్మే ఎత్తాలి. ఆమె ఈ జాతర కోసం ఎట్లా ఎదురుచూసిందో చెప్పలేను. కొత్త పసుపుచీర తెచ్చి పెట్టెలో పెట్టుకుంది, రోజుకోసారి పెట్టె తెరిచి చూసి మూసేస్తోంది.

"చూద్దాం లే," అంది పెద్దమ్మ ఈశ్వరితో.

"అదే దినం ముప్పై దాటిన ఆడోళ్లకు పరీక్ష కూడా ఉండాది. ముట్లు నిలిచినాక మళ్లీ రక్తం కనపడతాందా, వాసనొస్తాందా, నడుము కింద నొప్పి ఉండాదా, ఇట్లాంటివి ఏమున్నా దాచుకోవద్దు. ముందే తెలిస్తే నయమైతాది. నువ్వు కూడా రావాల."

"నాయి నిలిచిపోయి శానా దినాలాయ. మూలనేసిన బండికి రిపేరు ఎందుకే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మర్నాటి నుంచి నేను ఈశ్వరి స్కూటీ వెనక ఎక్కి ఇళ్లు తిరగడం మొదలుపెట్టాను. ఎవరూ రమ్మనలేదు, నేనే ఎక్కాను. ఆమె అడిగే ప్రశ్నలన్నీ నాకు నోటికి వచ్చేశాయి. ఆమె గొంతు ఎండిపోతే నేనే అడిగేసేదాన్ని. "ఏమక్కా, ఈ పాపకు కూడా జీతమిస్తాండారా?" అని ఒకావిడ అడిగితే, "నేనే ఎదురియ్యాల, అంత మాట్లాడతాది" అంది ఈశ్వరి. కానీ ఎంత మాట్లాడినా పిల్లల్ని పంపుతామని ఎవరూ అనలేదు. అందరిదీ ఒకటే మాట, రామలక్ష్మమ్మ మనవరాలు పోతే చూద్దాం.

ఇక పిండి సంగతి. ఉగాది నుంచి జాతర దాకా ప్రతి మంగళవారం ఆ ఇంట్లో ఒక చిన్న పిండిదీపం పెట్టాలి. బియ్యం నానబెట్టి, నీడన ఆరబెట్టి, వెనక వసారాలో రోట్లో దంచుతారు. నేను వచ్చాక మొదటి మంగళవారం పెద్దమ్మ తానే దంచింది, నేను వీడియో కూడా తీశాను. రెండో మంగళవారం నన్ను వసారాలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"రొంత దంచి పెట్టు పాపా. నాకు చెయ్యి పట్టుకున్నాది."

నేను సంబరంగా దంచాను. ఆమె గోడకు ఆనుకుని దూరంగా కూర్చుంది. పిండి జల్లించింది నేనే, ముద్ద చేసింది నేనే, పళ్లెంలో పెట్టి దేవుని గూట్లో దీపం వెలిగించింది కూడా నేనే. "మోకాళ్లు వంగడం ల్యా" అని ఆమె గుమ్మం బయటే నిలబడి దండం పెట్టుకుంది.

"ఈ సంగతి మీ వదినకు చెప్పొద్దు. ముసిల్దయిపోయినాదని ఎగతాళి చేస్తాది."

సరే అన్నాను. నాకేం తెలుసు?

మర్నాడు, అంటే టీకా గురువారానికి ముందు రోజు, మధ్యాహ్నం నేనూ రేఖ వదినా గిన్నెలు తోముతున్నాం. చేతులకు బొబ్బలొచ్చాయేమిటని వదిన అడిగింది. రోకలి పట్టుకుని చూశాను అన్నాను, అది అబద్ధం కూడా కాదు కదా. వదిన చేతిలో చెంబు జారిపోయింది.

"దీపం రోకలా? అయ్యో, మా అత్త చూడలేదు గదా? జ్యోతి ఎత్తే మనిషి తప్ప ఇంగెవురూ ముట్టకూడదు దాన్ని. నేను పెండ్లయి వచ్చిన కొత్తలో తెలీక ముట్టుకుంటే, రోలు, రోకలి రెండూ పసుపునీళ్లతో కడిగించి, రెండు దినాలు నాతో మాట్లాడలేదు."

"ఎత్తే మనిషికి ఒంట్లో బాగలేకపోతే?"

"జ్వరమొచ్చినా ఆయమ్మే దంచాల. బయట ఉంటే తప్ప. ఆ వయసులో ఇంగ అదెక్కడిది?"

బయట ఉంటే. అంటే ముట్టయితే. ఆ ఇంట్లో ముట్టయిన మనిషి దేవుని గూటి దగ్గరికి పోదు, పిండి ముట్టదు, గుమ్మం బయటే నిలబడి దండం పెట్టుకుంటుంది. ఎవరికి ఎప్పుడు అయ్యిందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, పెద్దనాయనకు కూడా. వదినను అడగకుండా నన్నెందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. నాకు ఈ పట్టింపులేవీ తెలియవు. చదువుకున్నదాన్ని కదా!

ఈశ్వరి ప్రశ్న నా చెవుల్లో మోగింది. నిలిచినాక మళ్లీ రక్తం కనపడతాందా?

చేతులు కూడా తుడుచుకోకుండా వసారాలోకి పరిగెత్తాను. పెద్దమ్మ చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం ఆమె పడుకోవడం నా జన్మలో చూడలేదు. తలుపు వేశాను.

"పెద్దమ్మా, నీకు రక్తం పోతోందా?"

ఆమె లేచి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. నా తడి చేతుల వైపు చూసింది.

"ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. ఎన్నాళ్ల నుంచి?"

"సంక్రాంతి ముందు నుంచి. వస్తాది, పోతాది. మొన్న నిలిచిపోతాండాది అనుకున్నా, మళ్లీ వచ్చినాది."

"మరి ఈశ్వరి అడిగితే..."

"అడుగుతాది. ఆయమ్మకు అదే పని." గొంతు బాగా తగ్గించింది. "మా అత్తకు కూడా ఇట్లే మొదలైనాది. పండుకోబెట్టి కడిగింది నేను. ఆ వాసన నాకు తెలీదా?"

రోలు పక్కన కూర్చుండిపోయాను. "తెలిసి కూడా కూర్చున్నావా?"

"మా అత్త కడసారి జ్యోతి ఎత్తినప్పుడు లోపల గుడ్డ కట్టుకునే ఎత్తినాది. నాకొక్కదానికే తెలుసు. ఆ యాడు వాన పడలేదా? శెనక్కాయ పండలేదా? చౌడమ్మకు అన్నీ తెలుసు పాపా, ఆయమ్మ ఆడదే గదా. జనాలకు తెలీకూడదు, అంతే."

"చౌడమ్మ ఏమీ అనదంటున్నావు. మరి పిండి ఎందుకు ముట్టడం లేదు?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"భయం."

బయట నీళ్ల ట్యాంకరు హారన్ కొట్టింది, వదిన బిందెలు పట్టుకుని పరిగెత్తడం వినపడింది. రేపే పరీక్ష, నాతో రా, నీ పక్కనే ఉంటాను, ముందే చూస్తే నయమవుతుందని నేను ఏడుస్తూ చెప్పాను. ఆమె నా ముఖం తుడిచింది.

"రేపు నేను ఆ గదిలోకి పోతే, రక్తం పోతాండాదని రాత్రికల్లా చౌడప్ప పెండ్లాం ఊరంతా చెప్తాది. ముట్టుదయ్యుండి మంగళవారం దీపాలు పెట్టినాదంటారు. ఈ యాడు వాన రాకపోతే అది నా నెత్తినే. జాతర కానీ. జ్యోతి ఎత్తిన తెల్లారే నేనే నీ వెంట ఈశ్వరి కాడికొస్తా, యాడ పడుకోమంటే ఆడ పడుకుంటా. జ్యోతి ఎత్తేదాకా నోరు మూసుకో."

"అంతదాకా ఆగకూడదు పెద్దమ్మా."

"ఆగితే నీ పని నేను చేసిపెడతా. త్రివేణిని రేపు నేనే పిలుచుకొని పోతా. వీధిలో ఆడపిల్లలందరినీ నా వెంట తెస్తా. ఎట్ల?" మళ్లీ తానే అంది, "చెప్పినావో, జాతర పోతే పోయినాది గానీ, ఆ ఆసుపత్రి గడప నేను తొక్కను. చచ్చినా తొక్కను. నా సంగతి నీకు తెల్సు."

తెలుసు. ఒకసారి తమ్ముడితో మాట పట్టింపు వచ్చి, ఆయన పెళ్లికే పోని మనిషి.

నిన్న మిగిలిన పిండి చిన్న కుండలో ఉంది. మూత తీసి, ఒట్టేసినట్టు నా చెయ్యి అందులో పెట్టమంది. పెట్టాను. జాతరకు ఇంకా మూడు వారాలే కదా అనుకున్నాను. మూడు వారాలు గడిస్తే అన్నీ చక్కబడతాయి, పిల్లలకు టీకాలు పడతాయి, పెద్దమ్మకు జ్యోతి దక్కుతుంది, ఆ తర్వాత ఆసుపత్రి. పిండి చల్లగా ఉంది. నా తడి చేతికి గోళ్ల దాకా అంటుకుంది.

గురువారం మీరు చూడాల్సింది! పొద్దున్నే పెద్దమ్మ పసుపు రాసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, త్రివేణి రెక్క పట్టుకుని వీధిలోకి దిగింది. హరినాథన్న అడ్డం వచ్చాడు.

"మా, ఒకసారి ఆలోచన చేయి."

"నిన్ను కనేటప్పుడు ఆలోచన చేసింటే బాగుండు. జరుగు పక్కకు."

పెద్దనాయన అరుగు మీద బీడీ ఆర్పేసి, "ఏమప్పా హరీ, మీ అమ్మకు ఎదురుపోయి నేనే గెలవలేదు, నువ్వెంత?" అన్నాడు. అంతే. ఇంటింటి ముందూ ఆగి పెద్దమ్మ పిలుస్తుంటే పిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఆసుపత్రి చేరేసరికి మా వెనక వరుస కట్టారు. ఈశ్వరి నోరు తెరిచి చూసింది. త్రివేణి మొదట కూర్చుంది, కళ్లు మూసుకుంది, సూది దిగింది, కళ్లు తెరిచింది.

"అయిపోయినాదా? అంతేనా?" అని, వెంటనే నా వైపు తిరిగి, "అత్తా, మరి అవ్వకు కూడా వేస్తారా?"

"మీ అవ్వకు సూది కాదు, పరీక్ష," అంది ఈశ్వరి, పెద్దమ్మ వైపు చూస్తూ. "రామలక్ష్మమ్మా, వచ్చినదానివి నువ్వూ చూపించుకో. రొంచేపే."

"నాకొద్దు లే. నేను ఈడ కాపలా ఉంటా, నువ్వు మిగిలినోళ్లను చూడు."

పరీక్ష గదికి ఆకుపచ్చ కర్టెన్ కట్టారు. పెద్దమ్మ దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. సిగ్గుపడి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన ప్రతి ఆడమనిషినీ పట్టుకుని లోపలికి తోసింది. "కనేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చినాదా? పోవే!" "నీ మొగుడేమన్నా అంటే నా కాడికి పంపించు, నేను చెప్తా." రేఖ వదినను కూడా తోసింది. లోపల వెనిగర్ లాంటి మందు రాసి చూశారు, వదినకు ఏమీ లేదన్నారు. వదిన నవ్వుతూ బయటికొచ్చింది. చౌడప్ప భార్యను కూడా పెద్దమ్మే భుజం పట్టుకుని పంపించింది. ఆ కర్టెన్ ఎన్నిసార్లు పక్కకు జరిపిందో! తాను మాత్రం దాటలేదు.

మధ్యలో ఒకసారి ఈశ్వరి నా పక్కకు వచ్చి, "మీ పెద్దమ్మ రొంత పాలిపోయినట్లుండాదే, తింటాండాదా?" అని అడిగింది.

"ఎండలు కదక్కా," అన్నాను.

పెద్దమ్మ విన్నది. మా వైపు చూడలేదు. కర్టెన్ సర్దింది.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పమంటే నాకు సరిగా రాదు. ప్రతి పొద్దూ లేవగానే దండెం మీద ఏ చీరలు ఆరుతున్నాయో చూసేదాన్ని. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంటే చాలు, చేస్తున్న పని వదిలేసి దగ్గరికి పోయేదాన్ని. మంగళవారం వస్తే చాలు, తానే దంచుతుందా, నన్ను పిలుస్తుందా అని వసారా వైపే చూసుకుంటూ తిరిగేదాన్ని. ఒక వారం తానే దంచింది. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానంటే రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. తర్వాతి వారం మళ్లీ నన్నే పిలిచింది. ఫోన్లో వెతికి వెతికి, చదివింది మళ్లీ చదివి, ప్రాజెక్టు పూర్తిగా మర్చిపోయాను. అమ్మకు చెబుదామంటే, అమ్మ నోట్లో పడితే ఆ మాట ఊరంతటికీ పడ్డట్టే, అక్కా అని ఏడుస్తూ ముందు పెద్దనాయనకే ఫోన్ చేస్తుంది.

పర్వాలేదు, జాతర వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అనుకున్నాను. పందిరి గుంజలు కూడా పాతారు.

జాతర ఇంకో రెండు రోజులుందనగా పూజారి వీరప్ప వాళ్ల అన్న పోయాడు. పెద్దాయన, నిద్రలోనే పోయాడట. పూజారి ఇంటికి మైల వచ్చింది కాబట్టి అమ్మవారి గుడి తలుపులు మూసేశారు. సాయంత్రం వీరప్ప మా వీధి మలుపు దగ్గర నిలబడి పెద్దనాయనతో మాట్లాడుతుంటే నేను గోడ చాటున నిలబడి విన్నాను.

"మైల పోయినాక చేద్దామంటే అధికమాసం వస్తాండాది కదన్నా. అధికంలో జాతర చేయకూడదు. అది దాటి జ్యేష్ఠ పున్నమికి పెట్టుకుందాం."

"అట్లనే కానీ. ఆయమ్మ యాడికి పోతాది?" అన్నాడు పెద్దనాయన.

జ్యేష్ఠ పున్నమి! అంటే ఇంకో రెండు నెలలు. నేను పరిగెత్తుకుంటూ ఇంట్లోకి పోయాను. పెద్దమ్మ పెట్టె ముందు కూర్చుని ఉంది, పసుపుచీర ఒళ్లో ఉంది. అప్పటికే తెలిసిపోయినట్టుంది.

"పెద్దమ్మా, ఇప్పుడింక ఆగలేం. రేపే పోదాం. అనంతపురం పోదాం, ఎవరికీ తెలియదు. నాకు బట్టలు కొనడానికని చెబుదాం."

"మాట మాటే. జ్యోతి ఎత్తినాక."

"జాతర రెండు నెలలు అవతలికి పోయింది!"

"నేను పొమ్మంటినా? పోయినాయన నన్ను అడిగి పోయినాడా?" చీర మడతలు సరిచేసింది. "నేను ఎత్తకపోతే చౌడమ్మ మా ఇంటిని వద్దన్నాదంటారు. ఆ మాట నాతో పోదు పాపా. రేపు త్రివేణి ఏ ఇంటికి పోయినా దాని వెనకాలే పోతాది."

"నువ్వే పోతే త్రివేణి ఏం చేస్తుంది?"

అనకూడని మాట. కానీ అనేశాను. ఆమె కోప్పడలేదు. పెట్టె మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని, "దానికి టీకా పడినాది గదా," అంది.

అంతే.

తర్వాత కాలేజీ నుంచి పిలుపు వచ్చింది, ప్రాజెక్టు చూపించాలి, వెంటనే రావాలి. ఈ పొద్దున బయల్దేరాను. పెద్దమ్మ శెనక్కాయ ఉండలు కట్టి బ్యాగులో పెట్టింది. చీర వదులై, జాకెట్టు భుజం మీద నుంచి జారుతోంది. వీధి చివర దాకా నాతో నడిచి వస్తూ మధ్యలో ఒకచోట ఆగి గోడ పట్టుకుంది. ఆటో వచ్చింది. ఎక్కాను. అప్పుడు నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా, నొప్పి పుట్టేలా.

"పోయేటప్పుడు ఈశ్వరి యాడన్నా కనపడితే..."

"కనపడితే?"

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

"నేను బాగనే ఉండానని చెప్పు."

ఆ ఒట్టు తర్వాత ఈశ్వరి పేరు తనంతట తాను ఎత్తడం ఇదే మొదటిసారి. ఇన్ని వారాల్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎందుకు ఎత్తింది? నిజంగా బాగానే ఉన్నానని చెప్పమనా? నోరు జారకు సుమా అని నన్ను మళ్లీ కట్టేయడమా? లేక తాను చెప్పలేనిది, నేను చెప్పేస్తే బాగుండునని చెప్పడమా? ఆ మణికట్టు నొప్పి నాకు ఇంకా ఉంది, దాన్ని పట్టుకునే ఇక్కడ కూర్చున్నాను, ఎంత ఆలోచించినా తెగడం లేదు. చెబితే, గడప తొక్కనన్న మాట మీదే నిలబడుతుంది, ఆమె అట్లాంటి మనిషి. చెప్పకపోతే రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఏమవుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు, ఒకరిని కడిగిన చేతులవి.

అయ్యో, బస్సు వచ్చేసింది. బోర్డు తాడిపత్రే.

ఆగండి, ఆగండి. రోడ్డు అవతల ఒక స్కూటీ ఆగింది. ముందర నీలం రంగు టీకాల పెట్టె. ఈశ్వరే. ఇంకో ఊరికి పోతున్నట్టుంది. నన్ను చూసింది, చెయ్యి ఊపింది, లారీ పోయేదాకా ఆగి రోడ్డు దాటి నవ్వుకుంటూ నా దగ్గరికే వస్తోంది.

"ఏమ్మా ఆశ్రితా, పోతాండావా? ఒక మాట కూడా చెప్పలేదే! నువ్వు లేకపోతే ఇంగ నా స్కూటీకి నోరు ఉండదు."

నవ్వాను. కండక్టరు విజిల్ వేస్తున్నాడు. ఈశ్వరి నా బ్యాగు అందుకుని బస్సు మెట్టు మీద పెట్టింది. పెట్టి, నా ముఖంలోకి చూసి, నవ్వు తగ్గించింది.

"మీ పెద్దమ్మ ఎట్లుండాది?"

నా గోళ్ల సందుల్లో ఆ పిండి ఇంకా ఉన్నట్టే ఉంది. చెప్పండి, తొందరగా చెప్పండి, మీరైతే ఏమంటారు?